సెవీయాలోని పిలాతు ఇంటి గోడ పలకల (టైల్స్) గురించి తెలిసినవాళ్లున్నారా?

అందరికీ నమస్కారం. పోయిన నెల స్పెయిన్‌లోని సెవీయాలో కాసా దె పిలాతోస్ చూశాను. పేరుకే పిలాతు (జెరూసలేంలో యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి) ఇల్లు, ఆయనకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. 1483లో మొదలైన ఈ భవనానికి, కట్టించినవాళ్ల వారసుడు ఫాద్రీకే 1520లో జెరూసలేం యాత్ర ముగించుకుని వచ్చిన తర్వాతే ఆ పేరు పుట్టుకొచ్చింది. లోపలి వసారాల్లో గోడల కింది భాగమంతా రంగు పలకలు, పైన ముదేహార్ (స్పెయిన్‌లో ఇస్లామీ కళ నుంచి వచ్చిన శైలి) గచ్చు నగిషీ, మధ్యలో గూళ్లలో రోమన్ చక్రవర్తుల తలలు! అతకదనుకుంటాం, భలే అతికింది.

నా సందేహం పలకల మీదే. పక్కనుంచి చూస్తే రంగుకీ రంగుకీ మధ్య పొలం గట్టులా సన్నటి గీత లేచి కనిపించింది. ఇది తడి మట్టి మీద అచ్చు ఒత్తే కుఎంకా పద్ధతేనా, లేక జిడ్డు గీతతో రంగులు కలవకుండా ఆపే కుఎర్దా సెకానా? ఫోటోలో తేడా ఎలా పట్టాలి? సిరామిక్ పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, దగ్గరగా తీసిన ఫోటోలున్నాయి, పెడతాను.