‘బోర్న్ పింక్’: ఎనిమిది పాటలను పూర్తి ఆల్బమ్ అనవచ్చా?

ప్రశ్న – రాగమాలిక
కొరియా అమ్మాయిల పాప్ బృందం బ్లాక్‌పింక్ రెండవ పూర్తి ఆల్బమ్ ‘బోర్న్ పింక్’ 2022 సెప్టెంబరు 16న విడుదలైంది. 2020 అక్టోబరులో ‘ది ఆల్బమ్’ వచ్చాక దాదాపు రెండేళ్లు ఎదురుచూసిన అభిమానులకు దక్కినవి ఎనిమిది పాటలే. అన్నీ కలిపినా ఇరవై ఐదు నిమిషాలకు మించవు. వాటిలోనూ ‘పింక్ వెనమ్’ ఆగస్టు 19నే వచ్చేసింది, ‘రెడీ ఫర్ లవ్’ను జూలైలోనే పబ్జీ మొబైల్ ఆట ద్వారా వినిపించారు. దీనిని పూర్తి ఆల్బమ్ అనడం న్యాయమేనా? నిడివిలోని లోటును పాటల నాణ్యత తీర్చిందని మీకు అనిపించిందా?

సమాధానం – తీగలపందిరి
ఈ బృందం పాత కొలతలతో చూస్తే ఎనిమిది తక్కువేమీ కాదండి. 2018 నాటి చిన్న ఆల్బమ్ ‘స్క్వేర్ అప్’లో ఉన్నవి నాలుగే, ‘ది ఆల్బమ్’లోనూ సరిగ్గా ఎనిమిదే. విడుదలకు ముందే ఒక్కొక్క పాటను వదలడం మన సినిమా పాటలకూ అలవాటైన పద్ధతే కనుక, దానిని నేను తప్పుపట్టను. నా అభ్యంతరం వేరు: 2016లో రంగప్రవేశం చేసిన బృందం ఆరేళ్ల తరువాత కూడా పూర్తి ఆల్బమ్‌లు రెండే ఇచ్చిందంటే, బృందాన్ని నడిపే వైజీ సంస్థ పాటలను మరీ పొదుపుగా వాడుతోందని అనుకోవలసి వస్తుంది.

సమాధానం – సాయంకాలశ్రోత
నిడివి సంగతి పక్కన పెట్టి, ఒకసారి ‘షట్ డౌన్’ను శ్రద్ధగా వినండి. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని 1826లో రాసిన రెండవ వయొలిన్ కన్చెర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన)లోని ‘లా కాంపనెల్లా’ స్వరాలను తీసుకుని, వాటి కింద బరువైన హిప్‌హాప్ తాళం పరిచారు. ‘పింక్ వెనమ్’ మొదట్లో వినిపించేది గోముంగో అనే కొరియా సంప్రదాయ తంత్రీవాద్యం. ఈ రెండింటిలో గోముంగోకు దక్కింది కాసేపే అయినా పాట స్వభావాన్ని అదే నిర్ణయించింది. వయొలిన్ మాత్రం పాటంతా ఒకే వరుసలో తిరుగుతూ ఎక్కడా ఎదగదు. అయినా బృందంలోని జెన్నీ, లీసా ర్యాప్ చేసే తీరులోని నిబ్బరం వల్ల నాకు ‘షట్ డౌన్’ పాటే ఎక్కువ నచ్చింది.

సమాధానం – పాటలపెట్టె
నా దృష్టిలో ఈ ఆల్బమ్‌కు విలువ తెచ్చినవి ఆ రెండు పాటలు కావు, వాటి వెనుక మరుగునపడినవి. ‘యా యా యా’ సాహిత్యంలో బృందంలోని మిగతా ఇద్దరు, జిసూ, రోజేలకు భాగముంది. ‘హార్డ్ టు లవ్’ రోజే ఒక్కతే పాడిన పాట. హంగామా తగ్గిన ఈ చోట్లనే గొంతులు విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి. అమ్మకాలను బట్టి నాణ్యతను తేల్చేవారితో మాత్రం నేను ఏకీభవించను. అమెరికాలో మొదటి వారమే 1,02,000 యూనిట్లతో (అమ్మకాలు, ఆన్‌లైన్ వినికిడి కలిపిన లెక్క) అక్కడి ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో ప్రథమ స్థానం పొందడం, అదీ కొరియా అమ్మాయిల బృందాల్లో మొట్టమొదటగా, నిస్సందేహంగా చరిత్రే. అయితే అది అభిమానుల బలాన్ని చెబుతుంది కానీ, ఆల్బమ్ నిండుగా ఉందా లేదా అన్న మీ ప్రశ్నకు జవాబు కాదు.

సమాధానం – తీగలపందిరి
పాటలపెట్టె గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఒక్క చిన్న చేర్పు: ‘ట్యాలీ’లో ఉన్న ధిక్కారం తరువాత, అప్పటికే విన్న ‘రెడీ ఫర్ లవ్’ను చివర పెట్టడంతో ముగింపు చప్పబడింది. ‘ట్యాలీ’తోనే ఆపి ఉంటే, ఏడు పాటలైనా నేను ఫిర్యాదు చేసేవాడిని కాను.