సుంకం చైనా ప్యానెళ్లపై ఉంటే భారం మనపై ఎందుకు?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
మేడపై 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామని బరంపురంలో విచారిస్తే, సబ్సిడీ కావాలంటే దేశీయ సెళ్లతో (ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే చిన్న పలకలు) చేసిన ప్యానెళ్లే తీసుకోవాలని, అవి ఖరీదని చెప్పారు. సుంకం పడేది చైనా సరుకుపై కదా, మరి వీటి ధర ఎందుకు ఎక్కువ?

రాయగడ నుంచి జవాబు:
అయ్యా, 2022 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం, సెళ్లపై 25 శాతం కస్టమ్స్ సుంకం విధించారు. సెళ్లపై తక్కువ కావడంతో, వాటిని బయటినుంచి తెప్పించి ఇక్కడ అద్దమూ ఫ్రేమూ బిగించే కర్మాగారాలు త్వరగా పెరిగాయి గాని, సెల్ తయారీ అంత వేగం అందుకోలేదు. ఇళ్ల మేడలపై సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం అడిగేది దేశీయ సెల్‌నే కనుక ఆ సరుకుకు గిరాకీ ఎక్కువ, అందుకే ధరా ఎక్కువ. 2025 బడ్జెట్‌లో ప్యానెళ్ల సుంకం 20 శాతానికి దిగిందని మురిసిపోనక్కరలేదు; మరో 20 శాతం సెస్సు కలిపారు.

సిరొంచ నుంచి మరో జవాబు:
మీ 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 78,000 రూపాయలు తీసివేసి చూడండి, ఇళ్లకు దేశీయ ప్యానెలే గిట్టుబాటు. సబ్సిడీ లేని రైస్‌మిల్లుల లెక్క వేరు. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు వేసిన కొటేషన్‌ను ఒప్పుకోకండి, బిల్లులో ప్యానెళ్ల సీరియల్ నంబర్లు రాయించుకోండి.