హార్మోన్ లోపం లేదు, పొట్టిగా ఉన్నాడంతే. ఇంజక్షన్లు మొదలుపెట్టాలా?

నిద్రలేని నాన్న:
మా బాబుకి 9 ఏళ్ళు. ఎత్తు 118 సెంటీమీటర్లు. కిందటేడాది నాలుగున్నర సెంటీమీటర్లు పెరిగాడు. థైరాయిడ్, కిడ్నీ, రక్త పరీక్షలు అన్నీ బాగున్నాయి. మందిచ్చి గ్రోత్ హార్మోన్ ఎంత పెరుగుతుందో రక్తంలో చూసే స్టిమ్యులేషన్ టెస్ట్‌లో 12 నానోగ్రాములు వచ్చింది, లోపం లేదన్నారు. కారణం తెలియని పొట్టితనమట. కావాలంటే గ్రోత్ హార్మోన్ ఇంజక్షన్లు ఇవ్వొచ్చు, రోజూ రాత్రి ఒకటి, నాలుగైదేళ్ళు అని చెప్పారు. మా ఆవిడ వెంటనే మొదలుపెడదాం అంటోంది. నాకు మనసొప్పడం లేదు. జబ్బు లేని పిల్లాడికి అన్ని సూదులా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

చిన్నీ వాళ్ళమ్మ:
ఆలస్యం చేయకండి అన్నయ్యా. మా పాప నాలుగేళ్ళప్పుడు ఏడాదికి మూడు సెంటీమీటర్లు కూడా పెరగడం లేదని చూపిస్తే, ఒక డాక్టర్ "ఆగండి, అదే పెరుగుతుంది" అన్నారు. రెండేళ్ళు ఆగాం. ఆరేళ్ళకి వేరేచోట చూపిస్తే హార్మోన్ దాదాపు లేదని తేలింది. ఇంజక్షన్ మొదలుపెట్టిన మొదటి ఏడాదే 10 సెంటీమీటర్లు పెరిగింది. పోయిన ఆ రెండేళ్ళు నాకెవరు తెచ్చిస్తారు? ఎముకల చివర ఉండే గ్రోత్ ప్లేట్లు మూసుకుపోయాక ఎంత మందిచ్చినా ఎత్తు రాదు.

కొత్త మొలక:
మా ఇంట్లోనూ ఇదే టెన్షన్. చదువుతున్నాను, ఆపకండి.

తూర్పు గాలి:
చిన్నీ అమ్మగారూ, మీ పాపకి లోపం ఉంది, లేనిదాన్ని మందుతో భర్తీ చేశారు. ఈ బాబుకి లోపం లేదు. మందు ఒకటే అయినా విషయం ఒకటి కాదు. లోపం లేని పిల్లలకి ఏళ్ళ తరబడి ఇస్తే సగటున అదనంగా వచ్చేది 5 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. కొందరికి ఎక్కువ, కొందరికి దాదాపు ఏమీ రాదు. ఎవరికి ఎంత వస్తుందో ముందే కచ్చితంగా చెప్పలేరు.

చిన్నీ వాళ్ళమ్మ:
12 వచ్చిందని లోపం లేదనేస్తే ఎలా? ఆ పరీక్షని పూర్తిగా నమ్మలేమని మా డాక్టరే చెప్పారు. ఒకచోట 10 దాటితే చాలంటారు, ఇంకోచోట 7 అంటారు.

తూర్పు గాలి:
ఆ పరీక్ష ఎక్కువగా పొరబడేది రెండోవైపు. హార్మోన్ బాగున్న పిల్లలకి కూడా తక్కువ చూపిస్తుంది, అందుకే తక్కువ వస్తే ఇంకో మందుతో మళ్ళీ చేస్తారు. 12 వచ్చాక ఇంకా లోపం ఉందేమోనని పట్టుకోవడం ఎందుకు?

చిన్నీ వాళ్ళమ్మ:
10కి 7కి తేడా ఎందుకుందో ముందు దానికి జవాబు చెప్పండి.

మాత్రల డబ్బా:
నేను పిల్లల వార్డులో నర్సుని. ఆ అంకె ల్యాబ్ కిట్‌ని బట్టి, ఆయా దేశాల పద్ధతిని బట్టి మారుతుంది. 12 రెండింటికీ పైనే ఉంది, ఇక వదిలేయండి. సార్, ఎడమ చెయ్యి ఎక్స్‌రేలో ఎముక వయసు ఎంత, అంటే ఎముకలు ఎన్నేళ్ళ పిల్లాడికి ఉండేలా ఉన్నాయన్నారు? మీ ఇద్దరి ఎత్తులు ఎంత? ఎముక వయసు బాగా వెనకబడి ఉంటే ఆలస్యంగా ఎదిగే పిల్లాడు కావచ్చు. తోటివాళ్ళ ఎదుగుదల ఆగాక కూడా అలాంటి పిల్లలు పెరుగుతారు.

నిద్రలేని నాన్న:
ఎముక వయసు 8 ఏళ్ళ 3 నెలలు. పెద్ద తేడా కాదన్నారు. సైడ్ ఎఫెక్ట్స్ గురించి కూడా చెప్పండి.

మాత్రల డబ్బా:
చాలామందికి ఇబ్బంది ఉండదు. తలనొప్పి వదలకుండా ఉండి చూపు మసకబారితే తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. తుంటి నొప్పితో కుంటుతుంటే ఎముక జారిందేమో చూడాలి. ఇవి అరుదే. రక్తంలో చక్కెర, థైరాయిడ్ మధ్యమధ్యలో చూస్తుంటారు. మీ ఎత్తులు చెప్పలేదు.

చిన్నీ వాళ్ళమ్మ:
లోపం లేని పొట్టి పిల్లలకీ ఇవ్వొచ్చని 2003లోనే అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. పనికిరాని మందుకి అనుమతిస్తారా?

తూర్పు గాలి:
యూరప్‌లో ఆ కారణానికి అనుమతి లేదు. అమెరికాలో కూడా ఎత్తులో అందరికంటే అడుగున ఉండే పిల్లలకే, అంటే వందమందిలో దాదాపు ఒక్కరికే.

చిన్నీ వాళ్ళమ్మ:
అసలు మీకు పిల్లలున్నారా? పిల్ల ఏడుస్తూ స్కూలు నుంచి వస్తే తెలుస్తుంది. బయట నిలబడి ఎవరైనా చెప్తారు!

తూర్పు గాలి:
బయట నిలబడలేదండీ. పదో ఏట నుంచి పదిహేనో ఏట దాకా దాదాపు ప్రతి రాత్రీ నా తొడకి ఆ సూది పడింది. నాకూ లోపం లేదు. సూది సన్ననిది, నొప్పి పెద్దగా ఉండేది కాదు. నాకు గుర్తున్నది నెలకోసారి గోడకి ఆనించి నిలబెట్టి గీసే పెన్సిల్ గీత. గీత పైకి జరగని నెలలో అమ్మ మొహం చూడలేకపోయేవాణ్ణి. స్కూల్లో ఏడిపించినవాళ్ళని మరచిపోయాను. గోడ మీద ఆ గీతల్ని మాత్రం మరచిపోలేదు. 162 దగ్గర ఆగాను. మందు లేకపోతే ఎంత ఉండేవాణ్ణో ఎవరూ చెప్పలేరు.

చిన్నీ వాళ్ళమ్మ:
అది మీవాళ్ళు చూసిన తీరులో తప్పు. మందుది కాదు.

తూర్పు గాలి:
నేను మాట్లాడుతున్నది ఆ తీరు గురించే. జబ్బు లేదని చెబుతూనే రోజూ మందు ఇస్తే, తనలో ఏదో తప్పుందనే పిల్లాడు అనుకుంటాడు.

నిద్రలేని నాన్న:
ఎత్తులు అడిగితే రెండుసార్లూ దాటేశాను. నాది 157, ఆవిడది 150. మొన్న గొడవలో "వాడు కూడా నీలాగే ఉండిపోవాలా" అంది. పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ రాలేదు. అప్పటినుంచి నిద్ర లేదు. ఇంజక్షన్ వద్దంటున్నది వాడి కోసమో, ఆ మాట మీద కోపంతోనో నాకే అర్థం కావడం లేదు.

మాత్రల డబ్బా:
సార్, మీ ఇద్దరి ఎత్తులూ కలిపి, మగపిల్లాడికి 13 చేర్చి, సగం చేస్తే 160, పెద్దయ్యాక బాబు ఎత్తుకి అదీ అంచనా. ఎముక వయసుతో చూస్తే బాబు ఆ దారికి దగ్గరలోనే ఉన్నాడు. ఆరు నెలలకి మళ్ళీ కొలిపించండి. ఏడాదికి నాలుగు సెంటీమీటర్ల కంటే తగ్గితే మాత్రం ఆగొద్దు.

చిన్నీ వాళ్ళమ్మ:
ముందే తెలిస్తే అంత గట్టిగా అనేదాన్ని కాదు అన్నయ్యా. ఆవిడ అన్న మాట తప్పే, పడ్డ భయం తప్పు కాదు. నేనైతే ఇప్పటికీ మొదలుపెట్టమనే అంటాను.

తూర్పు గాలి:
బాబుని అడిగారా?

నిద్రలేని నాన్న:
లేదు. ఎక్స్‌రే తీశాక "నా చెయ్యి బాగుందా నాన్నా" అని వాడే అడిగాడు. బాగుందన్నాను. ఎందుకు తీశారో చెప్పలేదు. ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడతాను, తర్వాత ఇద్దరం కలిసి వాడితో.