ఎక్స్‌పల్స్ 200కి ఇనుప సరంజామా: రక్షణా, భారమా?

సీలేరు సవారీ
బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ (నాలుగు వాల్వుల ఇంజను మోటారుసైకిల్), 2023 మోడల్, ప్రో రకం కాదు. దారి నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, సీలేరు, అటునుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి. ఎక్కువ ఘాట్ రోడ్డే, మధ్యమధ్య మట్టిదారులు. బడ్జెట్ 15,000. షాపువాళ్లు రాసిచ్చిన జాబితాలో ఇనుప క్రాష్ గార్డు (బండి పడితే ఇంజనును కాచే కమ్మీలు), ప్లేటుతో సహా టాప్ బాక్సు (సీటు వెనక సామాను పెట్టె), 40 వాట్ల ఫాగ్ లైట్ల జత ఉన్నాయి. వీటితోనే డబ్బు అయిపోతుంది. ఇవన్నీ దండగ, ట్యూబులు, హ్యాండ్ గార్డులు చాలు అనేవాళ్లూ ఉన్నారు. ఎవరి మాట వినాలి? ఇంట్లోనే బిగించుకోగలిగినవి ఏవి?

పొదుపు పానా
రెండో వర్గం మాటే వినండి. బండి బరువు దాదాపు 158 కిలోలు, ఇంజను శక్తి 19 హార్స్‌పవర్ దగ్గర. దానికి ఇనుప గార్డు ఓ 5 కిలోలు, టాప్ బాక్సు, ప్లేటు కలిపి 5–6. మీ జాబితాలో లేదు గానీ రేపు ఎలాగూ కొనిపించే అల్యూమినియం పెట్టెలు, వాటి స్టాండ్లు ఇంకో 14–15. చొక్కా కూడా సర్దకముందే పాతిక కిలోలు. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు దించాల్సిన చోట్లు పెరుగుతాయి. మట్టిలో బండి పడితే లేపేది మీరే.

బరువుకన్నా అది ఎక్కడ కూర్చుంటుందన్నది ముఖ్యం. టాప్ బాక్సు వెనక ఇరుసు దాటి వేలాడుతుంది. అక్కడ 10 కిలోలు పెడితే ముందు చక్రం మీద భారం తగ్గి, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోతుంది, వేగంలో ఊగుతుంది. గతుకుల దారిలో ముందు పగిలేది రాక్ (పెట్టె కూర్చునే కమ్మీల) వెల్డింగే. రాక్ మీద ఎంత బరువు మోయొచ్చో మాన్యువల్లో ఉంటుంది, అది చూడకుండా పెట్టె కొనకండి.

ముందు కొనాల్సినవి చెబుతా. ఈ బండికి ముందు 90/90-21, వెనక 120/80-18 (చివరి అంకె చక్రం అంగుళాలు), రెండూ ట్యూబు టైర్లు. చింతపల్లి దాటాక పంక్చర్ షాపు దొరికినా 21 అంగుళాల ట్యూబు దొరుకుతుందని నమ్మకం లేదు. ఒక 21 ట్యూబు, 20 సెం.మీ. పైబడిన టైరు లివర్లు రెండు, ప్యాచ్ కిట్టు, వాల్వు కోర్ తీసే చిన్న పరికరం, గాలి పంపు, రెండు ఇరుసుల నట్లకూ సరిపోయే స్పానర్లు. బండితో వచ్చే టూల్ కిట్‌తో వెనక చక్రం విప్పగలరేమో ఇంటి దగ్గరే చూసుకోండి. గత్యంతరం లేనప్పుడు 21 ట్యూబునే వెనక 18 చక్రంలో మడతలు పడకుండా సర్ది, నెమ్మదిగా ఊరు చేరొచ్చు. 18 ట్యూబును 21లో సాగదీసి వేస్తే మాత్రం ఎంతోసేపు నిలవదు.

అమ్రాబాద్ ఆఫ్‌రోడ్
పానా అన్నా, లెక్క మంచిగనే చెప్పినవ్ గానీ ఘాట్‌ల బండి జారి పక్కకు పడితే ఏమైతదో చెప్పలే. 4వీకి ముందట ఇంజన్ ఆయిల్‌ను సల్లబరిచే ఆయిల్ కూలర్ ఉంది. దానికి రాయి తగిలి ఆయిల్ కారిందంటే ఇంజన్ ఆపాల్సిందే. ట్రక్కు ఎక్కించుడు ఖర్చు, కొత్త కూలర్ ఖర్చు కలుపుకుంటే గార్డు ఖరీదు ఏపాటిది? గేర్ లివర్ వంగుతది, ట్యాంక్ సొట్ట పోతది. 5 కిలోలు నీళ్ల క్యాన్ల కన్నా ఎక్కువేం కాదు. కిందికి, నడుమ ఉంటది కాబట్టి టాప్ బాక్స్ లెక్క హ్యాండ్లింగ్‌ను చెడగొట్టది.

బిగించే పద్ధతి మాత్రం తెలువాలె. షాపుల పిల్లలు ఒక పక్క గట్టిగ బిగించి, రెండో పక్క హోల్ కలవకపోతే రాడ్ పెట్టి గుంజుతరు. అప్పుడు గార్డు స్ప్రింగ్ లెక్క గుంజుకొనే ఉంటది. వైబ్రేషన్‌కు వెల్డింగ్ పగులుతది, లేకుంటే ఇంజన్ మౌంట్ బోల్ట్ వదులైతది. అన్ని బోల్టులు చేత్తోటి మూడు నాలుగు చుట్లు ఎక్కించి, గార్డు తనంతట తాను కూసున్నంక వంతులవారీగ టైట్ చెయ్యాలె. ఇంజన్ మౌంట్ బోల్ట్‌లు ఒక్కసారి రెండూ తీయొద్దు, ఒకటి తీసి, గార్డుతోటి మళ్ల ఎక్కించినంకనే రెండోది. బోల్ట్ వదులుగాకుండ పట్టే జిగురు, నీలం లాక్‌టైట్, ఒక చుక్క చాలు, ఎరుపు వాడితే మళ్ల విప్పుడు కష్టం. మొదటి 200 కిలోమీటర్లకు మళ్ల పానా పెట్టి చూడాలె.

పొదుపు పానా
ఆయిల్ కూలర్ మాట ఒప్పుకుంటా. కానీ పక్కకు పడ్డప్పుడు గార్డు ఆపేది పడిపోయే బండిని. ముందు చక్రం విసిరే కంకరను ఆపలేదు, దానికి జల్లెడ కావాలి. అల్యూమినియం జాలీ ముక్క కత్తిరించి, అంచులు మడిచి, కూలర్ రెక్కలకు ఆనకుండా 5 మి.మీ. ఎడంతో నాలుగు జిప్ టైలతో కట్టేస్తే రెండు వందల్లో పని అయిపోతుంది. కన్నాలు మరీ సన్నగా ఉంటే బురద పట్టి గాలి ఆగిపోతుంది. దోమతెర జాలీ పనికిరాదు.

పైగా బలమైన దెబ్బ తగిలితే గార్డు ఆ దెబ్బను నేరుగా ఫ్రేము మౌంటుకు అందిస్తుంది. వంగిన గేర్ లివర్ మార్చడానికి పది నిమిషాలు, వంగిన మౌంటుకు ఇంజనే దించాలి. అందుకే గార్డు కొనేవాళ్లు మందం చూసి మురిసిపోకూడదు. ఎన్ని చోట్ల బిగుస్తుంది, ఎడమ కుడి గొట్టాలను కలిపే అడ్డకమ్మీ ఉందా అన్నది చూడాలి.

పక్కకు పడ్డప్పుడు ఎక్కువగా విరిగేవి క్లచ్, బ్రేకు లివర్లు. కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ నకుల్ గార్డులు (వేళ్ల ముందుండే తొడుగులు) గాలిని, కొమ్మలను ఆపుతాయి, నేలను ఆపలేవు. లోపల అల్యూమినియం పట్టీ ఉండి, రెండు చోట్ల బిగుసుకునే హ్యాండ్ గార్డులు వేసుకోండి. లివర్ల పర్చ్‌లను (లివర్లను హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంపులను) మరీ బిగించకండి. పర్చ్ కింద నల్లాల పనికి వాడే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి, మామూలుగా నడిపేటప్పుడు కదలకుండా, దెబ్బ తగిలితే తిరిగేలా బిగించాలి. పడినా లివరు తిరుగుతుంది, విరగదు.

కోఠి కరెంటు
లైట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. లంబసింగి పొగమంచులో అవి కావాలి గానీ షాపులో వేసే పద్ధతితోనే గొడవ. హెడ్‌లైట్ వైరు చెక్కి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపిస్తారు. ఒక వానాకాలం దాటితే రాగి పచ్చబడి, కనెక్షన్ వేడెక్కుతుంది. వైరింగ్ మార్చిన చోట తేడా వస్తే వారంటీ కింద చేయం అనడానికి సర్వీసు సెంటరుకు సాకు దొరుకుతుంది.

40 వాట్లంటే 12 వోల్టుల మీద 3.3 ఆంపియర్లు. అంత కరెంటు మంచి స్విచ్చు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) లేకుండానే మోస్తుంది. అయినా రిలే పెట్టమంటాను, తాళం తీయగానే లైట్లు ఆరిపోవడానికి. నాలుగు కాళ్ల 30 ఆంపియర్ల రిలే, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, అక్కడినుంచి రిలే మీద 30 అని రాసి ఉన్న కాలు. 87 నుంచి లైట్లకు. 85 ఎర్త్‌కి. 86కి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరును హ్యాండిల్ మీది స్విచ్చు గుండా ఇవ్వాలి. పార్కింగ్ లైటు వైరు ఇందుకు సరిపోతుంది. రిలే కాయిల్ లాగేది పావు ఆంపియర్ లోపే. ఫ్యూజు 7.5 ఆంపియర్లు, బ్యాటరీకి జానెడు దూరం లోపల. ఫ్యూజు లైట్ల దగ్గర పెడితే, మధ్యలో వైరు నలిగి ఫ్రేముకు తగిలినప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరే. మెయిన్ వైరు 1.5 చదరపు మి.మీ., స్విచ్చుది 0.5 చాలు. ఎర్త్ రంగు పూసిన బోల్టుకు కాకుండా బ్యాటరీ మైనస్‌కే వేయండి.

మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ముగించాక హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడండి. స్టీరింగ్ మెడ దగ్గర వేలెడు వదులు ఉండాలి. తర్వాత మల్టీమీటరు. ఇంజను ఐడిల్‌లో, అన్ని లైట్లూ వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. కాస్త రేజు చేస్తే 13.5 దాటాలి. రేజు చేసినా 12.8 కిందే ఉంటే బ్యాటరీ నుంచి తోడుతున్నట్టు, రాత్రంతా ఘాట్‌లో తిరిగితే పొద్దున సెల్ఫ్ ఎత్తదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలి కాబట్టి అది ఆపి మిగుల్చుకునే వీలూ లేదు.

లైట్లు పసుపు రంగువి, హెడ్‌లైట్ కన్నా కింద పెట్టండి. తెల్లవి పైన పెడితే మంచు గోడలా తిరిగి కళ్లలోనే కొడుతుంది.

సెక్షన్ 52
అందరూ పానాలే పట్టుకున్నారు, చట్టం కూడా చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

బోల్టు విప్పితే ఊడే హ్యాండ్ గార్డు ఆర్‌సీ వివరాలను మార్చదు. ఫ్రేము కోయడం, ఇంజను మార్చడం, రంగు మార్చడం వేరే సంగతి. లైట్లు మాత్రం ఎదుటివాళ్ల కళ్లలో కొడితే పోలీసులు వదలరు, ఊళ్లో వాటికి తొడుగు వేసి ఉంచండి. టాప్ బాక్సుకూ 2020లో కొలతలు పెట్టారు: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మి.మీ. దాటకూడదు. వెనక సీటు చోటులో పెడితే ఇంకొకరిని ఎక్కించుకోకూడదు.

ఇంకోటి. బరువు తగ్గిద్దామని కొందరు చీర గార్డు పీకేస్తారు. వెనక చక్రం సగమైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చెబుతోంది. అంటే గార్డు తగిలించినవాడికన్నా తీసేసినవాడే స్పష్టంగా దొరుకుతాడు.

సీలేరు సవారీ
అందరికీ ధన్యవాదాలు. టాప్ బాక్సు మానేస్తే సామాను దేంట్లో పెట్టాలి? గుడ్డ సంచులు సైలెన్సరుకు తగిలి కాలిపోతాయంటున్నారు.

పొదుపు పానా
కాలుతాయి, నిజమే. సైలెన్సరు కుడివైపు పైకి లేచి ఉంటుంది. ఆటోనగర్‌లో వెల్డరు చేత 12 మి.మీ. ఇనుప కమ్మీతో చెరో పక్కకూ ఒక స్టే (సంచిని చక్రానికి, సైలెన్సరుకు తగలనివ్వని ఆపు) వంచించండి. సంచికీ సైలెన్సరుకూ మధ్య కనీసం 4 వేళ్ల ఎడం ఉండాలి. సంచిని నిండా నింపి, పట్టీలు బిగించి, వెనక సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి అప్పుడు కొలవండి, ఖాళీ సంచితో కొలత తప్పుతుంది. వెల్డింగ్ బండి మీద చేయనివ్వకండి. కొలత తీసుకుని కింద చేయించి, రెడ్ ఆక్సైడ్, దానిమీద నల్ల రంగు వేసి తెచ్చి బిగించాలి. బండి మీదే చేస్తానని పట్టుబడితే బ్యాటరీ విప్పించి, ఈసీయూ (ఇంజను నడిపే కంప్యూటరు) కనెక్టరు ఊడదీయించి, ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టించండి.

పనిముట్లకు 110 మి.మీ. పీవీసీ పైపు 30 సెం.మీ. ముక్క, ఒక చివర అంటించే మూత, రెండో చివర మర మూత. రెండు యూ క్లాంపులతో ఎడమ స్టే లోపలి వైపు బిగిస్తే లివర్లు, స్పానర్లు, ప్యాచ్ కిట్టు అన్నీ పడతాయి. కింద 4 మి.మీ. కన్నం పెట్టండి, లేకపోతే వాన నీరు నిలుస్తుంది. కుడివైపు వద్దు, పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పనిముట్లను గుడ్డలో చుట్టకపోతే డప్పు మోతే.

అమ్రాబాద్ ఆఫ్‌రోడ్
పైప్ ముచ్చట మంచిగుంది. నేను గార్డు మాట మాత్రం వదల. పానా అన్న చెప్పిన అడ్డకమ్మీ ఉన్నది తీసుకో తమ్మీ, లైట్లు కూడ దానికే కట్టొచ్చు. ఇంకోటి, సైడ్ స్టాండ్ కాలుకు 75 మి.మీ. చదరం, 4 మి.మీ. మందం ప్లేట్ వెల్డ్ చేపియ్యి. మెత్తటి మట్టిల స్టాండ్ దిగబడి బండి పండుకునుడే ఎక్కువ, నడిపేటప్పుడు పడుడు తక్కువ. ప్లేట్ స్వింగార్మ్‌కు (ఎనక చక్రాన్ని పట్టుకునే చెయ్యికి), చెయిన్‌కు తగలకుండ స్టాండ్ పైకి మడిచి చూడు.

టైర్లను ట్యూబ్‌లెస్ చేపిస్తే ట్యూబుల గోలే ఉండదు కద? స్పోక్ నిపుల్స్ (స్పోక్‌ను రిమ్ముకు బిగించే నట్లు) మీద గాలి పోకుండ సీలెంట్ పోసి టేప్ ఏస్తున్నరు.

పొదుపు పానా
ఆ రిమ్ము ట్యూబు కోసం చేసింది. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉంటుంది, దీనికి అది లేదు. గాలి దిగినప్పుడు వేగంలో ఉంటే టైరు అంచు లోపలికి జారి ఒక్కసారే ఊడుతుంది. వెనక చక్రమైతే పట్టుకోగలరేమో, ముందు చక్రంతో ఆ ప్రయోగం వద్దు. పైగా స్పోకులు సాగినప్పుడల్లా నిపుల్ తిప్పాలి, తిప్పితే సీలెంటు పగులుతుంది.

కోఠి కరెంటు
గాలి పంపు కరెంటుదైతే ఒక మాట. చిన్న కంప్రెసర్ కూడా 10 ఆంపియర్ల దాకా లాగుతుంది, హ్యాండిల్ మీది యూఎస్‌బీ సాకెట్‌తో అది నడవదు. బ్యాటరీ నుంచి విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజుతో ఒక వైరు సీటు పక్కకు తెచ్చి పెట్టుకోండి, ఇంజను నడుస్తుండగానే వాడండి.

ఫోను నేరుగా హ్యాండిల్‌కి బిగిస్తే కెమెరా పోవచ్చు. మోటారుసైకిల్ కంపనాలతో ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంటు తీసుకోండి, లేదా పాత ఫోను పెట్టండి.

సీలేరు సవారీ
అయితే మొదటి విడతలో ట్యూబు కిట్టు, హ్యాండ్ గార్డులు, కూలర్ జాలీ, సంచులు, స్టేలు, పీవీసీ పైపు. మిగిలినదాంట్లో లైట్లు, వైరింగ్ నేనే. గార్డు రెండో విడత. హ్యాండిల్ 30 మి.మీ. ఎత్తే రైజర్లు కూడా ఇంట్లో వేయొచ్చా?

పొదుపు పానా
వేయొచ్చు. బోల్టులు బిగించేముందు హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పి, ముందు బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్ చూడండి. ఇంజను ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్ తిప్పుతుంటే రేజు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టే. దాని దారి మార్చండి, కుదరకపోతే 30 వదిలేసి 20 మి.మీ.వి తెచ్చుకోండి.