బ్రామ్ స్టోకర్: డ్రాక్యులా నవల వెనక ఉన్న మనిషి ఎలాంటివాడు?

ప్రశ్న (అర్ధరాత్రి పాఠకుడు):

బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాక్యులా నవలను ఈ మధ్యనే మొదటిసారి పూర్తిగా చదివాను. సినిమాల వల్ల తెలిసిన కథే కనుక కోటలూ గబ్బిలాలూ కోరలూ ఉంటాయనుకున్నాను. అవి ఉన్నాయి గానీ, వాటికంటే ఎక్కువగా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు ఉన్నాయి. కచేరీ దస్త్రంలా సాగే ఈ రచన ఇంత భయాన్ని ఎలా పుట్టించగలిగిందో నాకు అంతుపట్టలేదు. రచయిత గురించి వెతికితే ఎక్కువగా రెండు మాటలే కనిపిస్తున్నాయి: వ్లాద్ అనే క్రూరుడైన రాజు చరిత్రను తీసుకుని కథ అల్లాడనీ, అందుకోసం నేటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా వెళ్లి కోటను చూసి వచ్చాడనీ. ఇవి నిజమేనా? ఆయన జీవితానికీ ఈ నవలకూ అసలు సంబంధం ఏమిటి? మిగతా రచనల్లో చదవదగినవి ఏమైనా ఉన్నాయా?

సమాధానం (పాత అల్మారా):

స్టోకర్ ట్రాన్సిల్వేనియాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. వ్లాద్ సంగతి తెలిసినవారు వివరంగా చెబుతారు కనుక నేను మొదటి సందేహానికే పరిమితమవుతాను. మీకు వింతగా తోచిన ఆ దస్త్రాల ధోరణే ఈ నవలకు ప్రాణమనీ, అది రచయిత ఉద్యోగ జీవితం నుంచి నేరుగా వచ్చిందనీ నా అభిప్రాయం.

1847 నవంబరు 8న డబ్లిన్ దగ్గరి క్లాంటార్ఫ్‌లో పుట్టిన స్టోకర్, ట్రినిటీ కాలేజీలో చదివి, తండ్రిలాగే డబ్లిన్ కాసిల్‌లో ప్రభుత్వ ఉద్యోగి అయ్యాడు. 1879లో అచ్చయిన ఆయన తొలి పుస్తకం కథల సంపుటి కాదు, ఐర్లండులోని కింది కోర్టుల గుమాస్తాలు ఏ కాగితం ఎలా నింపాలో, ఏ రిజిస్టరు ఎలా రాయాలో చెప్పే నియమావళి. భయానక సాహిత్యంలో ఇంతటి పేరు తెచ్చుకున్న మరో రచయిత ఇలాంటి పుస్తకంతో మొదలుపెట్టి ఉంటాడని నేననుకోను. ఉద్యోగం చేస్తూనే ఒక డబ్లిన్ పత్రికకు జీతం లేకుండా నాటక సమీక్షలు రాసేవాడు. 1876లో హెన్రీ ఇర్వింగ్ హామ్లెట్ ప్రదర్శనపై రాసిన సమీక్ష వల్ల ఆ మహానటుడితో స్నేహం కుదిరింది. 1878 చివరలో ఫ్లోరెన్స్ బాల్కోంబ్‌ను పెళ్లాడి, ఇర్వింగ్ నడుపుతున్న లైసియం థియేటరుకు మేనేజరుగా లండన్ చేరాడు. 1905లో ఇర్వింగ్ మరణించేదాకా, అంటే దాదాపు 27 ఏళ్లు, ఆయన పనంతా లెక్కలు, ఒప్పందాలు, యజమాని పేరున రాయవలసిన ఉత్తరాలు, ఎనిమిది అమెరికా పర్యటనల్లో నటులనూ తెరలనూ దుస్తులనూ ఓడల మీదా రైళ్ల మీదా వేళ తప్పకుండా చేర్చడం.

ఇప్పుడు నవల మొదటి పేజీని మళ్లీ తెరవండి. మ్యూనిక్‌లో రాత్రి 8.35కు బయలుదేరిన రైలు వియన్నాకు 6.46కు చేరవలసింది ఒక గంట ఆలస్యమైందని, కౌంట్ డ్రాక్యులా కోటకు వెళ్తున్న యువ న్యాయవాది జోనథన్ హార్కర్ ఫిర్యాదు చేస్తూ ఉంటాడు. కోటలో అతనికి కనిపించే దృశ్యాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, కౌంట్ సోఫాలో పడుకుని బ్రాడ్‌షా వారి ఇంగ్లండు రైళ్ల టైంటేబుల్ చదువుకుంటూ ఉండటం. వందల ఏళ్లుగా బతుకుతున్న పిశాచం కూడా ప్రయాణానికి ముందు వేళలు చూసుకోవలసిందే. చివరికి అతన్ని ఓడించే దారి కూడా అలాంటిదే: హార్కర్ భార్య మీనా అందరి డైరీలనూ టైపు చేసి, తేదీల వరుసలో పేర్చి, రైళ్ల వేళలను కంఠస్థం చేస్తుంది. రోజువారీ లెక్కల పుస్తకంలో రాసినంత మామూలుగా ప్రతి వివరమూ నమోదవుతూ వస్తుంది కనుకనే, ఆ వివరాల మధ్యలో గోడ మీద తలకిందులుగా పాకే మనిషి కనిపించినప్పుడు మనకు కాదనడానికి వీలుండదు.

ఈ నవల కోసం స్టోకర్ 1890 మార్చి నుంచి రాసుకున్న నోట్సు ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉంది. ఆ సంవత్సరం వేసవిలో ఆయన ఇంగ్లండులోని విట్బీ అనే రేవు పట్టణంలో గడిపాడు. అక్కడి తీరరక్షకుల దగ్గర ఓడ ప్రమాదాల వివరాలు సేకరించాడు, చర్చి ఆవరణలోని సమాధిరాళ్ల మీది పేర్లు రాసుకున్నాడు. నవలలోని ముసలి స్వేల్స్ పేరు అలా దొరికిందే. 1885 అక్టోబరులో నార్వా నుంచి వచ్చిన దిమిత్రీ అనే ఓడ అక్కడ ఒడ్డుకు కొట్టుకుంది. నవలలో అదే వార్నా నుంచి వచ్చే డిమీటర్ అయింది. నిజమైన ఓడలోని ఇసుక కూడా అలాగే మిగిలింది, పిశాచం పడుకునే మట్టిపెట్టెలు మాత్రం రచయిత చేర్చినవి.

సమాధానం (వేపచెట్టు నీడ):

పై వాదన బాగుంది గానీ, పద్ధతికి కారణం చెప్పినంత మాత్రాన భయానికి కారణం చెప్పినట్టు కాదు. టైంటేబుళ్లు రాసే మేనేజర్లు లండన్‌లో ఎందరో ఉండేవారు. స్టోకర్ దాదాపు ఏడేళ్ల వయసు దాకా కారణం తేలని జబ్బుతో మంచం మీదే ఉన్నాడు. ఆ పిల్లవాడికి కథలు చెప్పింది తల్లి షార్లట్. ఆమె పశ్చిమ ఐర్లండులోని స్లైగో పట్టణంలో 1832 నాటి కలరాను బాలికగా కళ్లారా చూసింది. ప్రాణం ఉండగానే మనుషులను గోతుల్లోకి చేర్చిన సంగతులూ, శవపెట్టెలో పట్టని ఒక పొడవాటి సైనికుడి కాళ్లు విరగ్గొట్టబోతే మొదటి దెబ్బకే అతను లేచిన సంగతీ ఆమె చెప్పేది. పెద్దయ్యాక స్టోకర్ అడిగి మరీ ఆ జ్ఞాపకాలను ఆమె చేత రాయించుకున్నాడు. 1881లో పిల్లల కోసం తెచ్చిన కథల సంపుటిలోనే ఒక నగరం మీదికి కనిపించని రాక్షసుడిలా మహమ్మారి వస్తుంది. చచ్చినవాడు చావకపోవడం, ఒకరి నుంచి ఒకరికి పాకే కీడు, సముద్రం దాటి రేవులో దిగే మరణం: డ్రాక్యులా కథకు ఇంతకంటే దగ్గరి మూలం నాకు కనిపించదు. నవల నడక లైసియం నుంచి వచ్చి ఉండవచ్చు, నెత్తురు మాత్రం స్లైగోది.

సమాధానం (గోదారి గట్టు):

వ్లాద్ విషయం. స్టోకర్ విట్బీలో విల్కిన్సన్ అనే దౌత్యాధికారి 1820లో ప్రచురించిన, రొమేనియా వైపు సంస్థానాలైన వలాకియా, మొల్దావియాల వృత్తాంతాన్ని చదివాడు. అందులో డ్రాక్యులా అనే పేరు టర్కీతో పోరాడిన ఒక పాలకుడిదిగా నాలుగు మాటల్లో కనిపిస్తుంది, కింద అధోజ్ఞాపికలో వలాకియా భాషలో దానికి సైతాను అని అర్థమని ఉంటుంది. అంతకుముందు నోట్సులో కౌంట్ వాంపైర్ అని రాసుకున్న ఆయన, ఆ పేరు నచ్చి మార్చుకున్నాడు. మనుషులను కొరత వేసిన రాజు కథ ఆ నోట్సులో ఎక్కడా లేదు. ఈ ముడిని లోకమంతా గట్టిగా బిగించింది 1972లో ఇద్దరు చరిత్రకారులు రాసిన ప్రజాదరణ పొందిన పుస్తకం, తరవాత పర్యాటకం. కథాస్థలం కూడా మొదట ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతం. ఎమిలీ జెరార్డ్ ట్రాన్సిల్వేనియా మూఢనమ్మకాలపై 1885లో రాసిన వ్యాసం దాన్ని తూర్పుకు జరిపిన ఆధారాల్లో ఒకటి.

మనవారికి ఆసక్తి కలిగించే విషయం ఇంకొకటుంది. మన విక్రమార్కుడు, భేతాళుడి కథలను 1870లో తనదైన ఇంగ్లీషులో తిరగరాసిన బ్రిటిష్ యాత్రికుడు రిచర్డ్ బర్టన్‌ను స్టోకర్ స్వయంగా ఎరుగును. మాట్లాడుతుండగా బర్టన్ పైపెదవి లేచి కోరపన్ను కత్తిలా మెరిసిందని ఇర్వింగ్ గురించిన తన జ్ఞాపకాల పుస్తకంలో స్టోకర్ రాశాడు కూడా. రక్తం తాగే అలవాటు లేని మన భేతాళుడికి బర్టన్ పుస్తకం శీర్షికలోనే వాంపైర్ బిరుదు దక్కింది. నవలలో ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఈ పిశాచాలున్న దేశాల జాబితాలో ఇండియాను కలపడానికి ఆ పుస్తకమే కారణమని నేను అనను గానీ, కొట్టిపారేయను.

అర్ధరాత్రి పాఠకుడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత పేరున్న నవల వల్ల ఆయన ధనవంతుడైనా అయ్యాడా?

సమాధానం (పాత అల్మారా):

కాలేదు. 1897 మే 26న నవల విడుదలైంది. నాటక హక్కులు చేజారకూడదని ఎనిమిది రోజుల ముందే లైసియంలో దాన్ని వేదిక మీద చదివించాడు. అక్కడా మేనేజరు బుద్ధే పనిచేసింది. సమీక్షలు చాలావరకు అనుకూలంగానే వచ్చాయి గానీ సంపద రాలేదు. మరుసటి సంవత్సరం అగ్నిప్రమాదంలో లైసియం తెరలు చాలావరకు కాలిపోయాయి, ఇర్వింగ్ పోయిన తరవాత పక్షవాతం, అప్పులు. 1911లో కష్టాల్లో ఉన్న రచయితలకు సాయపడే రాయల్ లిటరరీ ఫండ్‌కు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. 1912 ఏప్రిల్ 20న చనిపోయినప్పుడు పత్రికలు ఆయన్ను ప్రధానంగా ఇర్వింగ్ సహచరుడిగానే స్మరించాయి. అనుమతి లేకుండా 1922లో తీసిన నోస్ఫెరాటు అనే జర్మన్ మూకీ చిత్రం మీద ఆయన భార్య ఫ్లోరెన్స్ పట్టుబట్టి పోరాడి, దాని ప్రతులను నాశనం చేయాలన్న కోర్టు తీర్పు 1925లో సాధించింది. కొన్ని ప్రతులు తప్పించుకోవడం మన అదృష్టం, ఆమెకు కాదు.

చదవదగినవి అడిగారు కదా. 1891 నాటి ది జడ్జెస్ హౌస్ అనే చిన్న కథతో మొదలుపెట్టండి. గణితం పరీక్షకు చదువుకోవడానికి ఒక విద్యార్థి పాడుబడిన ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, అందులో ఒకప్పుడు ఉరిశిక్షలకు పేరుమోసిన జడ్జి ఉండేవాడు. పెద్ద నవలల్లో ఈజిప్టు మమ్మీ చుట్టూ తిరిగే ది జ్యువెల్ ఆఫ్ సెవెన్ స్టార్స్ ఫరవాలేదు. 1911 నాటి ది లెయిర్ ఆఫ్ ది వైట్ వర్మ్ మాత్రం ఆయన మీద గౌరవం పూర్తిగా కుదిరాకే ముట్టుకోండి.