ఫిరంగి గుండు న్యాయమైన అడ్డంకా, దొంగదెబ్బా?

కోటకింది_ఇల్లు:
అందరికీ నమస్తే. ఒక విషయంలో మీ మాట కావాలి. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది దేవరకొండ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఏడాదిన్నరగా రోజూ రాత్రి భోజనమయ్యాక రెండు గంటలు కూర్చుని ఒక ఫోన్ గేమ్ తయారుచేస్తున్నాను. మారియోలాగా దూకుతూ పోయే ఆట. కథంతా మా కోటలోనే జరుగుతుంది. కింద దర్వాజా దగ్గర మొదలై, మెట్లు, బురుజులు దాటుకుంటూ కొండమీదికి చేరాలి. దారిలో ఫిరంగులు గుండ్లు వదులుతుంటాయి. గోడకు తగిలితే ఆ గుండ్లు బాంబుల్లా పేలతాయి. కొన్ని బొమ్మలు కింద పెట్టాను.

పోయిన ఆదివారం మా అక్క కొడుకు ఆడాడు. మూడో తరగతి పిల్లాడు. రెండు ఫిరంగులు బాగానే దాటాడు. మూడో దాని దగ్గర వరసగా పదకొండుసార్లు పోయాడు. పక్కనే కూర్చుని లెక్కపెట్టాను. నాలుగోసారి దాకా నవ్వాడు. తర్వాత పెదవి కొరుక్కోవడం మొదలుపెట్టాడు. పదకొండోసారి ఏమీ అనకుండా ఫోన్‌ను మంచం మీద బోర్లా పెట్టి బయటికి వెళ్లిపోయాడు. "ఆ గుండ్లు తీసెయ్‌రా, పిల్లగాడిని మోసం చేసినట్టుంది" అంది అక్క. గేమ్ చూసిన ఇద్దరు దోస్తులు కూడా అదే మాట అన్నారు.

నాకు మాత్రం తీయబుద్ధి కావడం లేదు. ఇలా దూకుతూ పోయే ప్లాట్‌ఫామ్ గేముల్లో ఫిరంగి గుండంత నిజాయితీ ఉన్న అడ్డంకి ఇంకొకటి లేదని నా నమ్మకం. అది మన వెంట పడదు, మధ్యలో దారి మార్చుకోదు. ఎక్కడ బయల్దేరుతుందో, ఎటు పోతుందో ముందే తెలుసు. మనం తేల్చుకోవలసింది ఎప్పుడు దూకాలన్నది ఒక్కటే. చిర్రగోనెలో చిన్న పుల్ల గాల్లోకి లేచాక కర్ర ఎప్పుడు తిప్పాలో ఎవరు చెప్పగలరు? ఆడగా ఆడగా చేతికే తెలుస్తుంది. 1985 నాటి మొదటి సూపర్ మారియోలో 5-1 లెవల్, అంటే ఐదో లోకంలో మొదటి లెవల్ గుర్తుందా? ఆ నల్ల తూటాలు గడియారం కొట్టినట్టు ఒకే లెక్కలో పేలేవి. ఆ లెక్క పట్టుకున్న రోజు నేను పడ్డ సంతోషం ఇంకా గుర్తుంది.

గుండ్లు ఉంచాలా, తీయాలా? కారణంతో సహా చెప్పండి.

పాలమూరు_ఆటగాడు:
తీసేయండి అన్నా. మీ కష్టం మీద నాకు గౌరవం ఉంది, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. ఫిరంగి గుండు అరిగిపోయిన అడ్డంకి. లెవల్ ఎలా నింపాలో తోచకపోతే ఒక గొట్టం పెట్టి గుండ్లు వదలడం మామూలైపోయింది. అందులో ఆలోచించేది ఏముంది? రెండుసార్లు చావడం, మూడోసారికి లెక్క తెలియడం, అంతే.

పైగా నిదానంగా చూసి దాటొచ్చు అంటారు గానీ, అన్ని గేములూ ఆ అవకాశం ఇవ్వవు. 1988లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3లో గాలి ఓడల లెవళ్లు చూడండి. తెర దానంతట అదే జరుగుతూ ఉంటుంది. ఆగి చూద్దామంటే వెనక అంచు వచ్చి నెడుతుంది. ముందునుంచి గుండ్లు, వెనకనుంచి తెర. కాలేజీ రోజుల్లో ఆ ఓడల దగ్గరే నేను ఆ గేమ్ వదిలేశాను. మీ మేనల్లుడు ఫోన్ బోర్లా పెట్టాడంటే నాకు బాగా అర్థమైంది.

గడియారం_సెంటర్:
నల్లగొండ నుంచి. ఇద్దరి మాటల్లోనూ ఒక్కో సవరణ ఉంది.

ముందు దేవరకొండ తమ్మీకి. మొదటి మారియోలో ఆ ఫిరంగులు ఒకే లెక్కలో పేలవు. అందరికీ అలాగే గుర్తుంటుంది, నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నా. ఆ గేమ్ కోడ్‌ను విడదీసి చూసినవాళ్లు రాసింది చదివాక తెలిసింది, ఏ ఫిరంగి ఎప్పుడు పేలాలన్నది ఒక యాదృచ్ఛిక సంఖ్య మీద ఆధారపడుతుంది. అయినా మనకు అన్యాయం జరిగినట్టు ఎందుకు అనిపించలేదు? ఎందుకంటే అందులో ఇంకో నియమం ఉంది. మారియో గొట్టానికి మరీ దగ్గరగా ఉంటే అది పేలదు. ముఖం మీద పేలే గుండును మనిషి తప్పించుకోలేడు, అందుకని ఆ దెబ్బ లేకుండా చూశారు. తూటా మీద ఎక్కి తొక్కితే అది పడిపోతుంది కూడా. అంటే దాన్ని ఎదుర్కొనే దారి మన చేతిలో ఉంది. మారియో విసిరే నిప్పు బంతులు మాత్రం దానిమీద పనిచేయవు.

ఇక అరిగిపోయిన అడ్డంకి అన్న మాట. ఇన్ని గేముల్లో గుండ్లే ఎందుకు వచ్చాయో తెలిస్తే పాలమూరు తమ్ముడు ఆ మాట అనడేమో. మొదటి మారియో నడిచిన ఆ పాత గేమ్ మెషీన్ తెర మీద ఒకేసారి 64 కదిలే బొమ్మముక్కలకు మించి చూపలేదు. ఒకే అడ్డగీత మీద 8 దాటితే మిగిలినవి కనిపించవు, అప్పుడే బొమ్మలు మినుకుమినుకుమంటాయి. మొదటి మారియో గేమ్ మొత్తం 40 కిలోబైట్లు. ఈరోజు మన ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ చోటు కోసమే మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. ఇంత ఇరుకులో కాళ్లు కదపక్కర్లేని, ముఖం మార్చక్కర్లేని శత్రువు దొరకడం పెద్ద వరం. ఒక చిన్న బొమ్మ, ఒక తిన్నని గీత. అది దూకడం ఎలాగో నేర్పింది, భయమూ పెట్టింది.

అంతకు ముందే, 1981లో డాంకీ కాంగ్ అనే గేమ్‌లో పీపాలు దొర్లుకుంటూ వచ్చేవి. ఒక్కో పీపా దూకితే 100 పాయింట్లు. అక్కడ కూడా పీపా ఒక్కోసారి తిన్నగా పోకుండా నిచ్చెన మీదుగా కిందికి దిగేది. లెక్క పూర్తిగా తెలిసిపోకుండా ఆ కాస్త అనుమానం ఉంచారు కాబట్టే ఆటలో టెన్షన్ నిలిచింది.

పాలమూరు_ఆటగాడు:
అన్నా, 40 కిలోబైట్ల కాలంలో అది తెలివే, ఒప్పుకుంటా. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు కదా. ఇబ్బంది పోయాక కూడా అదే పట్టుకుని ఉండటం గురించే నా గొడవ.

ఇంకో సంగతి. అదే మొదటి మారియోలో 5-3 లెవల్ ఉంది. మొదట్లో ఆడిన 1-3 నే మళ్లీ ఇస్తారు, ఈసారి తూటాలతో. అక్కడ గొట్టమే ఉండదు. తెర కుడి అంచు నుంచి ఎంత ఎత్తులో వస్తుందో తెలియకుండా వచ్చి పడతాయి. దేవరకొండ అన్న చెప్పిన నిజాయితీ అక్కడ ఎటు పోయింది?

కోటకింది_ఇల్లు:
5-3 గురించి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే అది నాకూ నచ్చదు. గొట్టం కనిపించని గుండు వేరే జాతి అని ఇప్పుడు అనిపిస్తోంది. నా గేమ్‌లో ఆఖరి లెవల్‌లో కొండమీద పొగమంచు ఉంటుంది, అందులోంచి అలాంటి గుండ్లే వస్తాయి. దాని గురించి ఆలోచించాలి.

కానీ మా వాడు పోయింది గొట్టం కనిపించే ఫిరంగి దగ్గర. వివరాలు ఇస్తాను. తెర వెడల్పు 480 పిక్సెళ్లు. ఆటగాడు మధ్యలో, 240 దగ్గర ఉంటాడు. మూడో ఫిరంగి గొట్టం 440 దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. మొదటి రెండూ బురుజుల మీద, పైన ఉంటాయి. గుండు వేగం సెకనుకు 160 పిక్సెళ్లు. అంటే గొట్టం దాటాక మనల్ని చేరడానికి సెకనుంబావు. కంటితో చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి పావు సెకను చాలు. నా లెక్క ప్రకారం మూడోది కష్టమైనది కానే కాదు. నేను వందసార్లు ఆడాను, ఒక్కసారీ పోలేదు.

సాగర్_గట్టు:
చర్చ మధ్యలో వస్తున్నా. దేవరకొండ కోట అంటే పద్మనాయకుల కాలం కదా. 14వ శతాబ్దంలో బురుజుల మీద ఫిరంగులు పెట్టడం చూడటానికి బాగుండదు. దక్కన్‌లో ఫిరంగుల వాడకం బాగా పెరిగింది 16వ శతాబ్దంలో. కథను కుతుబ్‌షాహీల కాలానికి జరపండి, సరిపోతుంది. వీలైతే గోల్కొండ వెళ్లి పెట్ల బురుజు మీది ఫతే రహ్‌బర్ ఫిరంగి చూసి రండి. 1687 ముట్టడిలో ఔరంగజేబు సైన్యం వాడిన ఫిరంగి అది. దాని గొట్టం పక్కన నిలబడితే మీ బొమ్మల్లో గొట్టం ఎంత సన్నగా ఉందో తెలుస్తుంది. నిజమైన గుండు పేలదు, గట్టి ముద్ద. నేలకు తగిలి ఎగిరెగిరి పోతూ దారిలో ఉన్నదాన్నల్లా కొట్టుకుపోతుంది. మీ గుండ్లు గోడకు తగిలి బాంబులా పేలడం తప్పు.

పిల్లలమర్రి_నీడ:
నేను మహబూబ్‌నగర్ దగ్గర ఒక బడిలో టీచర్‌ని. గేముల గురించి మీకున్నంత తెలియదు, ఇంట్లో నా కూతురు ఆడుతుంటే చూస్తాను, అంతే. తమ్ముడూ, ఒక్క ప్రశ్న. మీరు వందసార్లు ఆడానన్నారు కదా, ఫోన్‌లో ఆడారా, కంప్యూటర్‌లోనా?

ఎందుకు అడుగుతున్నానంటే, నిన్న మా పాప ఆడేటప్పుడు పని మానుకుని ఆమె చేతులనే చూశాను. ఫోన్ అడ్డంగా పట్టుకుంటుంది. ఎడమ బొటనవేలు నడిచే బటన్ మీద, కుడి బొటనవేలు దూకే బటన్ మీద. చిన్న చేతులు కదా, వేలి కొసతో నొక్కదు, వేలు మొత్తం తెర మీద పరుస్తుంది. కుడివైపు కింది మూల అంతా ఆ వేలి కిందే ఉండిపోయింది. మీ మూడో ఫిరంగి కుడివైపు, నేలకు ఆనుకుని ఉందన్నారు. మీ మేనల్లుడికి ఆ గొట్టం అసలు కనిపించిందా?

కోటకింది_ఇల్లు:
అక్కా, మీ పోస్టు చదివి ఫోన్ తీసి చూశాను. చేతులు వణికాయి.

నేను ఆడింది కంప్యూటర్‌లో, కీబోర్డు మీద. ఫోన్‌లో పెట్టి నాలుగైదుసార్లు చూసి ఉంటాను, అదీ బటన్లు పనిచేస్తున్నాయా లేదా అని. ఇప్పుడు ఫోన్‌లో వేలు పెట్టి స్కేలుతో కొలిచాను. నా వేలే 340 పిక్సెల్ దాకా కప్పేస్తోంది. అంటే గుండు కంటికి కనపడేసరికి ఆటగాడికి 100 పిక్సెళ్ల దూరంలో ఉంటుంది. సెకనుంబావు అనుకున్నది సుమారు 0.6 సెకన్లు అయిపోయింది. అందులో చూసి నొక్కడానికి పావు సెకను పోను, ఆటగాడు గుండు ఎత్తు దాటేదాకా లేవడానికి ఇంకో 0.3 సెకన్లు కావాలి. మిగిలిందేమీ లేదు. వాడు పదకొండుసార్లు కనిపించని ఫిరంగితో కొట్లాడాడు. నేను పక్కన కూర్చుని లెక్కపెడుతూ ఉన్నాను. ఇది తలచుకుంటే బాధగా ఉంది.

సాగర్ అన్నా, గుండు పేలడం తీసేశాను, ఇక నేల మీద ఎగురుతూ పోతుంది. కాలం కూడా మారుస్తాను.

పాలమూరు_ఆటగాడు:
టీచరక్క పట్టింది అసలు విషయం. నేను గుండును తిడుతున్నా గానీ, ఇక్కడ తప్పు దానిది కాదు. ఆ ఒక్క ఫిరంగి వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ మంచులోంచి వచ్చే గుండ్ల మీద నా అభిప్రాయం మారలేదు. అవి ఉండకూడదు.

గడియారం_సెంటర్:
ఉండొచ్చు తమ్మీ, పద్ధతి తెలిస్తే. 1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో మొదటి లెవల్‌లోనే ఒక రాక్షసి తూటా వస్తుంది. దానికి గొట్టం ఉండదు. కానీ అది మారియో కంటే ఎన్నో రెట్లు పెద్దది, నిదానంగా వస్తుంది, తొక్కితే పడిపోతుంది. చూడగానే భయం వేస్తుంది గానీ తప్పించుకునే టైమ్ ఉంటుంది. 2018 నాటి సెలెస్టే అనే గేమ్‌లో గాలి వీచే కొండమీద తెర అంచు నుంచి మంచు ముద్దలు ఎగిరొస్తాయి. వాటి మీద దూకి పైకి లేవొచ్చు. ఒకసారి పోయినవాడు తర్వాత వాటినే మెట్టుగా చేసుకోవచ్చు. దేవరకొండ తమ్మీ గుండ్లకు కూడా అలాంటి వీలు ఉంటే నేను తప్పు పట్టను.

పిల్లలమర్రి_నీడ:
గుండు రావడానికి ముందు ఒక చప్పుడు ఉంటే పిల్లలకు చాలు. మా బడిలో గంట వినగానే బ్యాగు సర్దుకుంటారు, గడియారం ఎవరూ చూడరు. కాకపోతే సౌండ్ ఆపి ఆడే పిల్లలే ఎక్కువ, ఇంట్లో తిడతారని. వాళ్లకు తెర అంచున ఏదైనా మెరుపు కూడా చూపించండి.

పాలమూరు_ఆటగాడు:
చప్పుడూ, మెరుపూ, పైన తొక్కే వీలూ మూడూ పెడితే ఆడి చూస్తా. ఏ ఒక్కటి తగ్గినా నా ఓటు తీసేయడానికే.

కోటకింది_ఇల్లు:
నాలుగు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం. మూడో ఫిరంగిని నేల మీది నుంచి తీసి ఒక రాతి దిమ్మె మీదికి ఎక్కించాను. ఇప్పుడు వేలి నీడలోకి రాదు. ఆటగాడిని తెర మధ్యలోంచి కొంచెం ఎడమకు జరిపాను, ముందున్న దారి ఎక్కువ కనపడుతుంది. గడియారం అన్న చెప్పిన నియమం కూడా పెట్టాను. గొట్టం దగ్గరికి వెళితే ఫిరంగి పేలదు.

నిన్న సాయంత్రం అక్కవాళ్లింటికి వెళ్లాను. వాడు ముందు ఫోన్ ముట్టుకోలేదు. "నాకొద్దు" అన్నాడు. బతిమాలితే తీసుకున్నాడు. మూడో ఫిరంగి దగ్గర రెండుసార్లు పోయాడు, మూడోసారి దాటాడు. దాటి ముందుకు పోతాడనుకున్నాను. పోలేదు. వెనక్కి వచ్చి గొట్టానికి ఆనుకుని నిలబడ్డాడు. "మామా, ఇది ఇప్పుడు పేలదా?" అని అడిగాడు. పేలదన్నాను. కాసేపు అక్కడే నిలబడి, రెండడుగులు వెనక్కి వేశాడు. ఫిరంగి పేలింది, గుండు మీదుగా దూకాడు. మళ్లీ గొట్టం దగ్గరికి పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. అన్నానికి పిలిచేదాకా అదే ఆడాడు.

ఆఖరి లెవల్‌లో పొగమంచులోంచి వచ్చే గుండ్లకు చప్పుడు, తెర అంచున ఎర్ర మెరుపు పెట్టాను. పైన తొక్కే వీలు ఇంకా సరిగ్గా కుదరలేదు, కాలు గుండు లోపలికి దిగిపోతోంది. శనివారం రాత్రికి సరిచేసి కొత్త ఫైలు ఇక్కడ పెడతాను. పాలమూరు అన్నా, మొదట మీరే ఆడి చెప్పాలి. ఫోన్‌లోనే ఆడండి.