‘మందుపాతరకు బలయ్యాడు’ అని రాయొచ్చా?

ప్రశ్న (గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి)

గ్రూపులోని పెద్దలకు నమస్కారం. మా దగ్గర బడి మరాఠీ, ఇల్లు తెలుగు. మా చిన్నబాపు కొడుకు గడ్చిరోలి పోలీసుల్లో మావోయిస్టులతో పోరాడే సీ-60 దళంలో పనిచేసేవాడు. మందుపాతర పేలి చనిపోయాడు. ఊరి మొదట్లో వాడి పేరున రాయి పెడుతున్నాం. పైన మరాఠీలో ‘బలిదాన్’ అనే మాట వచ్చింది. దాని కింద తెలుగులో ‘మందుపాతరకు బలయ్యాడు’ అని ఒక సారు రాసిచ్చారు. చదివి వినిపిస్తే చిన్నమ్మ ఒప్పుకోలేదు. ‘నా కొడుకును గట్ల రాయొద్దు’ అంటోంది. మరి ఎట్ల రాయాలో చెప్పలేకపోతోంది.

వాడి సంగతి కొంచెం చెప్తాను. మిరపచేన్లలో మాతో పాటు కూలికి వస్తూనే పన్నెండో తరగతి దాకా చదివాడు. ఉద్యోగంలో చేరాక అక్కడి ఆదివాసుల మాడియా మాట కూడా నేర్చుకున్నాడు. అడవిలోని పల్లెలకు పోతే ముసలివాళ్లతో మాట్లాడడానికి వీణ్నే ముందు పెట్టేవారట. లీవు మీద వచ్చినప్పుడు మా ఊరి కల్వర్టు మీంచి నడిచేవాడు కాదు. కిందికి దిగి, వాగులోంచి దాటి, అవతలి గట్టు ఎక్కేవాడు. ‘బూట్లు తడుస్తయి, పైనుంచి రారాదురా’ అని చిన్నమ్మ కేకేస్తే ‘అలవాటు తప్పితే అక్కడ కష్టమే అమ్మా’ అనేవాడు. చివరి రోజు కూడా వరసలో ముందున్నది వాడే. మట్టిలోంచి తేలిన తీగ కనబడగానే చెయ్యెత్తి వెనకవాళ్లను ఆపాడని చెప్పారు. వెనకవాళ్లు బతికారు.

జవాబు (మల్కన్‌గిరి జిల్లా మోటు నుంచి)

తమ్ముడూ, ముందు చిన్నమ్మకు నా నమస్కారం చెప్పు. ఆమె చెవి సరిగ్గానే పట్టింది. ‘బలయ్యాడు’లో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ ఆ మాట మీవాడికి చెల్లదు.

మరాఠీ, హిందీ రాతల్లో ‘బలిదాన్’ అంటే ఇచ్చినవాడు కనబడతాడు. దానం ఉన్నచోట దాత ఉండాలి కదా. తెలుగులో ‘బలయ్యాడు’ అనగానే ఆ దాత పోతాడు, బలిపశువు మిగులుతుంది. పేపరు తీసి చూడు: డెంగీకి బాలుడు బలి, కరెంటు తీగకు రైతు బలి, అతివేగానికి ఇద్దరు బలి. మీవాణ్ని తెచ్చి ఈ వరసలో నిలబెట్టారు. తీగ చూసింది, చెయ్యెత్తింది, నలుగురిని కాపాడింది అంతా ఆ ఒక్క క్రియాపదంలో కొట్టుకుపోయింది. చిన్నమ్మకు గుచ్చుకున్నది ఇదేనని నా నమ్మకం.

పోనీ ‘బలిదానం’ అనే రాద్దామా అంటే అక్కడ ఇంకో చిక్కుంది. తెలంగాణ ఉద్యమం నాటి నుంచి ‘ఆత్మబలిదానం’ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఒంటికి నిప్పంటించుకున్న పిల్లలు. గోదావరి వంతెన దాటితే మీకు కాళేశ్వరమే, రేపు ఆ రాయి చదివేవాళ్లలో అటువాళ్లూ ఉంటారు. ఆ మాటకు వేరే దుఃఖం ఉంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం.

‘మందుపాతర’ను మాత్రం ముట్టుకోవద్దు. మరాఠీలో భూసురుంగ్ అంటారు, మన సొరంగమే అది. మనవాళ్లు పాతర అన్నారు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలో వడ్లో పోసి, పైన మట్టి కప్పేసేది పాతర. కరువొస్తే బతకడానికి దాచుకునే చోటు. మందు అంటే తుపాకిమందు. గింజలు దాచే మాట వచ్చి దీనికి అంటుకోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అయినా ఇంతకంటే కచ్చితమైన మాట లేదు. పైకి మామూలు నేలే, కింద ఏముందో పూడ్చినవాడికే తెలుసు. 2008 జులై 16న మా జిల్లాలో ఎంవీ-126 అనే ఊరి దగ్గర మందుపాతర పేలి ఒడిశా ఎస్‌ఓజీ (మావోయిస్టుల మీదికి పంపే ప్రత్యేక దళం) పోలీసులు 17 మంది చనిపోయారు. వాళ్లు ఎక్కింది మందుపాతరను తట్టుకునేలా తయారైన బండి. దానికి పదిహేడు రోజుల ముందే, జూన్ 29న, బలిమెల జలాశయంలో పడవ మీద దాడి జరిగి 38 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రా గ్రేహౌండ్స్ పిల్లలు. మా పక్క ఇళ్లలో పాతర అంటే గింజలు గుర్తొచ్చేవాళ్లు ముసలివాళ్లే ఇప్పుడు.

ఇంకొకరు (బల్లార్షా నుంచి)

అన్నా, ఒక సందేహం. ఆ పడవలో ఉన్నవాళ్లకు, ఆ బండిలో ఉన్నవాళ్లకు తిరిగి కాల్చే వీలు కూడా సరిగ్గా లేదు. అలాంటప్పుడు ‘బలయ్యారు’ అంటే తప్పేముంది? వీరమరణం అంటే పోరాడుతూ పోవాలి కదా?

మళ్లీ మోటు నుంచి

మంచి ప్రశ్న. మీ జిల్లా పక్కనే జరిగినదాంతో చెప్తాను. 2019 మే 1, మహారాష్ట్ర దినోత్సవం. గడ్చిరోలి జిల్లా దాదాపూర్‌లో రోడ్డు పనుల బండ్లను మావోయిస్టులు తగలబెట్టారని తెలిసి కుర్ఖేడా నుంచి పోలీసుల క్యూఆర్‌టీ (కబురందగానే కదిలే) జట్టు ప్రైవేటు బండిలో బయల్దేరింది. జాంభుళ్‌ఖేడా దగ్గర మందుపాతర పేలింది. 15 మంది పోలీసులు, బండి డ్రైవరు చనిపోయారు. ఆ డ్రైవరు తుపాకి పట్టే ఉద్యోగంలో లేడు. ఆయన గురించి ‘బలయ్యాడు’ అనే రాయాలి. ఆయనకు జరిగిన అన్యాయమంతా ఆ మాటలో ఉంది, దాన్ని తీసేసి వీరమరణం అంటగడితే ఆయనకే అన్యాయం. ఆ పదిహేను మంది సంగతి వేరు. ఆ దారి ఎలాంటిదో తెలిసీ బండెక్కారు. కాల్చే వీలు దొరకలేదని వాళ్ల తెగింపు లేకుండా పోదు.

గ్రేహౌండ్స్ అధికారి ప్రసాద్‌బాబును గుర్తు తెచ్చుకోండి. 2013లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో తోటివాళ్లు హెలికాప్టర్ ఎక్కి బయటపడేదాకా కాపు కాస్తూ తాను వెనక ఉండిపోయారు. 2014 గణతంత్ర దినోత్సవానికి ఆయనకు మరణానంతరం అశోకచక్ర ఇచ్చారు. ఆయన ‘బలయ్యారు’ అని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా? కాల్చే వీలు దొరికినవారికి ఒక క్రియాపదం, దొరకనివారికి ఒకటీ పెడితే, ఆ తేడా శత్రువు నిర్ణయించినట్టు అవుతుంది.

మిగతా మాటలు త్వరగా చూద్దాం. ‘అసువులు బాశాడు’ పేపరు భాష, ఇంట్లో ఎవరూ అనరు. ‘నేలకొరిగాడు’ బాగుంటుంది, కానీ కారణం చెప్పదు. ‘అమరుడు’ గొప్ప మాటే. 1959లో లద్దాఖ్ హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన పదిమంది జవాన్ల పేరున అక్టోబర్ 21ని పోలీసు అమరవీరుల దినంగా జరుపుతారు. కానీ మావోయిస్టులు కూడా జులై 28 నుంచి వారం రోజులు తమ అమరవీరుల వారం చేస్తారు. మా వైపు, మీ వైపు అడవి దారుల్లో రెండు రకాల రాళ్లూ ఉన్నాయి, రెంటి మీదా అదే మాట. మీ రాయి మీద పెట్టకూడదని నేను అనను. అదొక్కటే పెట్టి వదిలేస్తే మాత్రం దారిన పోయేవాడికి వాడు ఏం చేశాడో తెలియదు.

చిన్నమ్మతో మాట్లాడేటప్పుడు వాడి గురించి మీ ఇంట్లో ఏమంటారు? ‘ప్రాణమిచ్చిండు’ అనే అంటారు కదా. అదే చాలు. ఇచ్చినవాడు అందులో ఉన్నాడు. ముందు వాడు చేసిన పని రాయండి, తర్వాత ఆ మాట రాయండి.

సిరొంచ నుంచి

అన్నా, ఇప్పుడే చిన్నమ్మకు చదివి వినిపించిన. ‘మందుపాతరను తానే ముందు చూసి, వెనకవాళ్లను ఆపి, ప్రాణమిచ్చిన మన ఊరి బిడ్డ జ్ఞాపకార్థం’. రెండోసారి కూడా చదివించుకుంది. సరే అన్నది. ‘మావోయిస్టుల’ అని పెట్టాలా అని అడిగితే ‘వాళ్ల పేరు నా కొడుకు రాయి మీద ఎందుకు’ అన్నది. తీసేసినం.

మోటు నుంచి

ఆమె చెప్పినట్టే చేయండి. ఒక్క జాగ్రత్త: ‘జ్ఞాపకార్థం’లో థ రావాలి. చాలా రాళ్ల మీద ‘జ్ఞాపకార్ధం’ అని ధ చెక్కేస్తున్నారు. చెక్కే ఆయనకు ఫోన్లో చెప్పొద్దు, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికివ్వు. ముందు సుద్దతో గీయించి ఫోటో ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం.